పెరటి పండ్లచెట్టుకు కాపు ఎవరు? ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామాల్లో ఉడతలు, ఇతర వన్యప్రాణుల నుంచి రక్షణ

నెల్లూరు జిల్లా పేరు చెప్పగానే వరిపొలాలు, రొయ్యల చెరువులు, గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు గుర్తుకు వస్తాయి. జిల్లా పడమటి అంచు తీరు వేరు. వెలిగొండల పాదాల వెంబడి సీతారామపురం, ఉదయగిరి మండలాల నుంచి మర్రిపాడు, అనంతసాగరం మండలాల దాకా ఎర్రనేలలు, రాతిగుట్టలు, చిల్లచెట్లు కమ్మిన బీళ్లు కనిపిస్తాయి. ఆత్మకూరు వైపు కొన్ని గ్రామాలకు 78 టి.ఎం.సి. సామర్థ్యం గల సోమశిల జలాశయం అండగా ఉన్నది. ఉదయగిరి వైపు సేద్యం ప్రధానంగా బావులు, బోర్లు, ఈశాన్య రుతుపవనాల మీదనే ఆధారపడి సాగుతున్నది.

ఈ గ్రామాల్లో పెరడు ఉన్న ఇంట ఒక జామ, ఒక సపోటా, ఒకటో రెండో కొబ్బరిచెట్లు, వీలుంటే ఒక మామిడి లేదా దానిమ్మ ఉండడం వాడుక. గిన్నెలు కడిగిన నీరు, బావి దగ్గర పారిన నీరు వీటికి చాలుతుంది. ఇంటిల్లిపాదికీ కొనకుండా దొరికే పండు ఇదే. పండ్లతోటల విస్తీర్ణాన్ని ఎకరాల్లో లెక్కించే శాఖాపరమైన నివేదికల్లో ఈ చెట్లకు చోటు లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత విస్తరణ శాస్త్రానికి కూడా కొంత వర్తించినట్లే ఉన్నది.

తోటలో వన్యప్రాణుల నష్టం శాతాల్లో ఉంటుంది. నాలుగు వందల చెట్ల మామిడితోటలో పది ఉడతలు తిరిగినా యజమాని లెక్కలో పెద్ద తేడా రాదు. అవే పది ఉడతలు ఒక్క జామచెట్టు చుట్టూ తిరిగితే ఆ ఏటి కాపు మొత్తం పోతుంది. రెండు మూడేళ్లు వరుసగా ఇట్లా జరిగిన ఇంట చెట్టును కొట్టివేయడానికి సిద్ధపడతారు. కోతులు ఇంటి పెంకుల మీదికి రాకుండా ఉండాలంటే జామచెట్టు లేకపోవడమే మేలన్న మాట గ్రామాల్లో తరచుగా వినిపిస్తుంది. పోషకాహార పెరటితోటల పేరిట మొక్కలు పంచేటప్పుడు మొక్క బతకడం గురించి చెబుతున్నాము, కాయ ఇంటికి చేరడం గురించి చెప్పడం లేదు. రెండవది లేకపోతే మొదటిదానికి అర్థం లేదు.

తిన్నది ఎవరు?

రక్షణ పద్ధతులన్నీ ఒక ప్రశ్న తరువాతనే వస్తాయి. కాయను తిన్నది ఏది? ఉడతకు పనిచేసే పద్ధతి గబ్బిలానికి పనిచేయదు, చిలుకకు పనిచేసేది పునుగుకు పనిచేయదు. పెరట్లో జరిగే పొరపాట్లలో అధికభాగం ఇక్కడే మొదలవుతుంది. పగటిపూట కళ్లకు కనబడేది ఉడత గనుక రాత్రి జరిగిన నష్టం కూడా దాని ఖాతాలోనే పడుతుంది.

దక్షిణాదిన ఇళ్ల చుట్టూ కనిపించేది ప్రధానంగా మూడు చారల ఉడత, ఫునాంబులస్ పామారమ్. రాముడి వేళ్ల గుర్తులుగా మన ఇళ్లలో చెప్పుకొనే చారలు ఇవే. ఇది పూర్తిగా పగటి జీవి. ఉదయం, మళ్లీ ఎండ తగ్గిన తరువాత దీని సంచారం ఎక్కువ. కాయను చెట్టు మీదనే ఒక పక్క నుంచి కొరికి లోపలికి తొలుచుకుంటూ పోతుంది. జామకాయ సగం డొల్లగా మారి కాడకు వేలాడుతూ ఉంటే, అంచున సన్నని జంట గీతలు ఉంటే, అది ఉడత పని. ఎలుక రాత్రి వస్తుంది. కొబ్బరిలో అది లేత పిందెలను ముచ్చిక దగ్గర గుండ్రంగా తొలుస్తుంది, మరునాటి ఉదయం కాయలు చెట్టు కింద రాలి ఉంటాయి. కొబ్బరిలో అంతరపంటగా కోకో వేసే గోదావరి జిల్లాల రైతులకు ఈ తేడా పరిచితమే. కోకో కాయను ఎలుక కాడ దగ్గర, ఉడత నడిమి భాగంలో కొరుకుతుంది. అంతేకాక ఉడత పండిన కాయనే కోరుతుంది.

గబ్బిలం ఆనవాళ్లు అన్నిసార్లూ చెట్టు కింద దొరకవు. పెద్ద గబ్బిలం సాధారణంగా పండును కొమ్మ మీదనే తింటుంది, పొట్టి ముక్కు గబ్బిలం మాత్రం తుంచుకుని వేరొక చెట్టుకో వసారా చూరుకో ఎగిరిపోయి, రసం పీల్చి, నమిలిన పిప్పిని ఉండలుగా ఉమ్మివేస్తుంది. వసారాలో పొద్దున్నే పిప్పి ఉండలు, గింజలు కనిపిస్తే పండ్లు ఎటు పోతున్నాయో తెలిసినట్లే. రామచిలుక తినేదానికంటే పారవేసేది ఎక్కువ. పచ్చికాయను కూడా ముక్కుతో చెక్కి ముక్కలు కింద రాలుస్తుంది. మానుపిల్లి అర్ధరాత్రి వచ్చి బాగా పండిన బొప్పాయి, సపోటా మాత్రమే తిని, ప్రహరీ మీద గింజలతో కూడిన మలం వదలిపోతుంది. కోతి ఒక కొరుకు కొరికి కాయను విసిరివేస్తుంది, కొమ్మలు విరుస్తుంది, పూతను కూడా వదలదు. కొండ అంచు ఊళ్లలో సీతాఫలం కాలానికి ఎలుగుబంటి కూడా వస్తుంది. మాను మీద గోళ్ల గీతలు, విరిగిన కొమ్మలు దాని గుర్తులు. అడవిపంది చెట్టెక్కదు గాని నాటిన ఏడాది లోపు మొక్కలను మొదలంటా పెళ్లగిస్తుంది.

పురుగుల సంగతి కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. దానిమ్మ, జామ కాయలకు గుండ్రని రంధ్రం, దాని దగ్గర పురుగు విసర్జన ఉంటే అది కాయతొలుచు పురుగు. మెత్తబడి రాలిన జామకాయను చీల్చినప్పుడు తెల్లని పురుగులు కదిలితే అది పండు ఈగ. ఈ రెండింటి నష్టాన్ని ఉడతకు అంటగట్టి, ఉడతను తరిమి, కాయ ఎందుకు దక్కలేదో తెలియక విసిగిపోయే ఇళ్లు తక్కువేమీ కాదు.

చెట్టెక్కే దారి

ఉడత, ఎలుక, మానుపిల్లి మూడింటికీ ఒక బలహీనత ఉన్నది. వీటిలో ఏదీ ఎగరలేదు. మాను మీదుగానో పక్క కొమ్మ మీదుగానో రావలసిందే. కొబ్బరిలో ఎలుకల నివారణకు తోటపంటల పరిశోధకులు చాలాకాలంగా సిఫారసు చేస్తున్న పద్ధతి దీని మీదనే ఆధారపడినది. 40 సెం.మీ. వెడల్పు గల జింకు రేకును భూమి నుంచి 2 మీటర్ల ఎత్తున మాను చుట్టూ పట్టీగా, లేదా తలకిందులు చేసిన గరాటు ఆకారంలో బిగిస్తారు. నున్నని రేకు మీద గోరు నిలవదు. చెట్ల మట్టలు ఒకదానికొకటి తగులుతూ ఉంటే మాత్రం ఇది పనిచేయదని ఆ సిఫారసులోనే ఉన్నది. మన పెరళ్లలో రేకు పట్టీ విఫలమయ్యేది ఎక్కువగా ఈ ఒక్క కారణం వల్లనే.

ఉడత ఎలుక కంటే మంచి దూకుడు గల జంతువు. విదేశాల్లో పెద్ద ఉడతలకు 60 సెం.మీ. పట్టీ వాడతారు. మన ఉడత చిన్నదే అయినా పెరట్లో ఆ వెడల్పే తీసుకోవడం మంచిది, రేకు ఖర్చులో వచ్చే తేడా స్వల్పం. మేకులు కొట్టరాదు. రెండు అంచులను తీగతోనో స్ప్రింగుతోనో కలిపి, మాను లావయ్యే కొద్దీ ఏటా ఒకసారి వదులు చేయాలి. లేకపోతే రెండు మూడేళ్లలో రేకు బెరడులోకి దిగి చెట్టుకే ఉరిగా మారుతుంది. పట్టీ బిగించే ముందు కొమ్మల్లో ఉడత గూడు ఉన్నదేమో చూడాలి. పిల్లలున్న గూడు పైన ఉండగా కింద దారి మూసివేస్తే అవి చెట్టు మీదనే ఉండిపోయి ఉన్న కాయలన్నీ తింటాయి.

ఇక దారుల లెక్క. పెరటి చెట్టు చుట్టూ మిద్దె అంచు, ప్రహరీ, రేకుల పాక, బట్టలు ఆరవేసే తీగ, కరెంటు తీగ ఉంటాయి. ఉడతకు ఇవన్నీ రహదారులే. చెట్టుకూ వీటికీ మధ్య కనీసం రెండున్నర మీటర్ల ఖాళీ ఉండేటట్లు కొమ్మలు తీయాలి. ఈ పని కాయ పండే వేసవిలో చేసేది కాదు. మామిడికి కాపు ముగిసిన వెంటనే, తొలకరి రోజుల్లో కత్తిరింపు చేయాలి. నాటేటప్పుడే మిద్దెకు ఎడంగా గుంత తీసి ఉంటే కత్తిరింపు శ్రమ కూడా తగ్గుతుంది. కరెంటు తీగకు తగిలే కొమ్మల జోలికి ఇంటివారు స్వయంగా పోరాదు, విద్యుత్ సిబ్బందికి చెప్పాలి.

కింది నుంచే కొమ్మలు వేసే జామ, దానిమ్మలకు రేకు పట్టీ కుదరదు. మూడడుగుల లోపు మాను మీద పట్టీ కడితే ఉడత నేల మీద నుంచే పై కొమ్మకు దూకుతుంది. వీటికి చెట్టును కాక కాయను కాపాడుకోవలసి ఉంటుంది. జామకాయ నిమ్మకాయంత అయినప్పుడు కాగితపు సంచి లేదా పలుచని గుడ్డ సంచి తొడిగితే పండు ఈగ ఆగుతుంది, కాయ నునుపుగా వస్తుంది. ఉడత మాత్రం కాగితాన్ని నిమిషంలో చింపుతుంది. అరంగుళం కన్నుల ఇనుప జాలీని సంచిలాగా మడిచి ఎంపిక చేసిన కాయలకు తొడగడం శ్రమతో కూడినదే. చెట్టుకు నలభై కాయలకు ఈ పని చేయగలిగితే ఒక ఇంటికి ఆ కాపు చాలుతుంది. మిగిలినవి పోయినా దిగులుపడనక్కరలేదు.

పాతకాలపు పద్ధతుల్లో మాను చుట్టూ చిల్లకంప కట్టడం ఒకటి. ఇది ఎలుకను, మానుపిల్లిని కొంత అడ్డుతుంది గాని, ఉడత ముళ్ల సందుల్లోంచి సులువుగా దారి చేసుకుంటుంది. మానుకు గ్రీజు పూయడం ఇటీవలి అలవాటు. దానివల్ల లేత బెరడు దెబ్బతింటుంది, చిన్న పక్షుల ఈకలకు అంటుకుంటుంది, వేసవి దుమ్ముకు నాలుగు రోజుల్లో పనికిరాకుండా పోతుంది. మిరపపొడి కషాయం గురించి తరచుగా అడుగుతుంటారు. మిరపలోని ఘాటు క్షీరదాలకే తెలుస్తుంది, పక్షులకు తెలియదు. కాబట్టి ఉడత కొన్నాళ్లు వెనుకాడవచ్చు, చిలుకకు అది లెక్కే కాదు. జల్లు పడితే మళ్లీ చల్లాలి, కోసిన కాయను బాగా కడగాలి.

వలతో మేలు, వలతో కీడు

ఎగిరే జీవులకు వల ఒక్కటే నమ్మదగిన అడ్డు. దీనికి మారిషస్ అనుభవం చూడదగినది. పంతొమ్మిదవ శతాబ్దంలో వలస వెళ్లిన తెలుగువారి సంతతి ఉన్న ఆ ద్వీపంలో ఇళ్ల పెరళ్లలో లిచీ, మామిడి చెట్లు సాధారణం. పండ్లను గబ్బిలాలు పాడుచేస్తున్నాయన్న ఫిర్యాదుల మీద అక్కడి ప్రభుత్వం 2015, 2016 సంవత్సరాల్లో వేల సంఖ్యలో గబ్బిలాలను చంపించింది. ఆ జాతి మరే ఖండంలోనూ లేదు. 2018లో దానిని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలోకి మార్చవలసి వచ్చింది. తరువాత పెరటి లిచీ చెట్ల మీద జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనం, వల సరిగా కప్పిన చెట్లలో గబ్బిలాల నష్టం కప్పని చెట్లతో పోలిస్తే ఇరవై రెట్లకు పైగా తగ్గినట్లు తేల్చింది. వేల ప్రాణాలు తీసినందున తీరని సమస్యకు ఒక్కొక్క పెరట్లో కప్పిన గుడ్డ జవాబు ఇచ్చింది.

"సరిగా" అన్న మాట ఇక్కడ ముఖ్యం. వలను కొమ్మల మీద నేరుగా పరిస్తే గబ్బిలం వల మీద వాలి కన్నుల్లోంచే పండు తింటుంది. నాలుగు వెదురు గుంజలు పాతి, చెట్టుకు అడుగు ఎడంగా, వల బిగువుగా ఉండేటట్లు కట్టాలి. అందుకే చెట్టు పన్నెండు, పదిహేను అడుగులు మించకుండా ఏటా కత్తిరించుకోవడం అవసరమవుతుంది. ముప్పై అడుగుల మామిడికి వల వేయడం ఇంటివారి తరం కాదు.

వల కన్ను పరిమాణం మరొక సంగతి. చేపల వలల వంటి పెద్ద కన్నుల నైలాన్ వలలు చౌకగా దొరుకుతాయి. వదులుగా వేలాడే ఈ వలల్లో పక్షులు, గబ్బిలాలు, పాములు చిక్కి చస్తాయి. పెరట్లో వలకు చిక్కిన కట్లపామును విడిపించబోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2021 సెప్టెంబరు 1 నుంచి ఇళ్లలోని పండ్లచెట్లకు వాడే వలల కన్ను పూర్తిగా సాగదీసినప్పుడు కూడా 5 మి.మీ. x 5 మి.మీ. మించరాదని నిబంధన పెట్టింది. వేలు దూరితే ఆ వల పనికిరాదన్నది అక్కడ ప్రజలకు చెప్పే సులువైన పరీక్ష. మన గ్రామాల్లో దోమతెర గుడ్డ ఈ పరీక్షకు నిలుస్తుంది. అయితే నైలాన్ ఏదైనా ఉడత పళ్లకు ఆగదు. దాని కొరుకుడు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరకడం దానికి అవసరం. వల గబ్బిలానికి, చిలుకకు. రేకు, ఇనుప జాలీ ఉడతకు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

పక్వానికి కోత

ఖర్చు లేని రక్షణ ఒకటి ఉన్నది. దానిని చెప్పేవారు తక్కువ. గబ్బిలం, మానుపిల్లి వాసన వచ్చే పండు కోసమే వస్తాయి. మామిడి, సపోటా, సీతాఫలం, బొప్పాయి పక్వానికి వచ్చిన తరువాత కోస్తే ఇంట్లో పండుతాయి. వీటిని చెట్టు మీదనే పండేదాకా ఉంచడం అంటే రాత్రి అతిథులకు వడ్డించి పెట్టడమే. సపోటా మీద గోధుమరంగు పొట్టు రాలి, గోటితో గీరితే పచ్చదనం, పాలు కనిపించకపోతే కోతకు సిద్ధమైనట్లు. మామిడికి భుజాలు కాడకంటే పైకి లేచి ముచ్చిక దగ్గర చిన్న గుంట పడుతుంది. సీతాఫలం కళ్లు విచ్చుకుని వాటి మధ్య గీతలు లేత పసుపుకు తిరుగుతాయి. బొప్పాయి కొన వద్ద పసుపు చార కనబడగానే కోయవచ్చు. కోసినవాటిని వరిగడ్డిలో మాగవేస్తే చాలు. కాల్షియం కార్బైడ్‌తో మాగవేయడం నిషిద్ధం, ఇంటికోసం అది అవసరమూ లేదు.

దానిమ్మ, నేరేడు వంటివి కోసిన తరువాత పండవు. వాటికి సంచి లేదా వల తప్పదు. నిమ్మ జోలికి ఈ జంతువులేవీ అంతగా రావు. కొండ అంచున, కోతుల బెడద తీవ్రంగా ఉన్న ఇంటివారు పెరట్లో ఏ మొక్క వేయాలని అడిగినప్పుడు నిమ్మ పేరు చెప్పడంలో తప్పు లేదు, పిల్లలు అడిగేది జామపండు అయినప్పటికీ.

జంతువులు కొరికిన పండు తినడం గురించి పూర్వం "చిలక కొరికిన పండు తీపి" అనేవారు. 2018లో కేరళలోని కోజికోడ్ ప్రాంతంలో నిపా వైరస్ మరణాల తరువాత ఆ మాటను పక్కన పెట్టవలసి ఉన్నది. ఆ వైరస్‌కు పండ్ల గబ్బిలాలు సహజ ఆశ్రయాలు. కొరికిన గుర్తున్న పండును కోసి బాగున్న భాగం తినడం కూడా మానాలి, మిగిలిన పండ్లను కడిగి తినాలి. ఈ భయంతో గబ్బిలాలు ఉన్న మర్రిచెట్లను నరకడం మాత్రం మరింత కీడు. ఇప్ప, బూరుగ పూలకు రాత్రివేళ పరాగసంపర్కం జరిపేది, అడవి గింజలను దూరాలకు చేర్చేది ఇవే.

విషం, కరెంటు తీగ

ఉడతలకు, ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎర పెరట్లో పెట్టడం ఎంతమాత్రం సిఫారసు చేయదగినది కాదు. అదే నేల మీద పిల్లలు, కోళ్లు, కుక్కలు తిరుగుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రక్షిత జంతువులకు ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, అందుకు ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. ఎలుగుబంటి, నెమలి అత్యున్నత రక్షణ గల జాబితాలో ఉన్నవి. అడవిపందుల కోసం ఇంటి కరెంటును నేరుగా తీగకు కలపడం వల్ల మన రాష్ట్రంలో మనుషులే చనిపోతున్నారు. క్షణకాలం మాత్రమే ఝటకా ఇచ్చే సౌర కంచె వేరు, ఇది వేరు. రెండూ ఒకటేనన్న అపోహను విస్తరణ సిబ్బంది గట్టిగా ఖండించాలి.

వేసవిలో మరొక చిక్కు. ఏప్రిల్, మే నెలల్లో కొండ మీద తునికి, పాల వంటి పండ్లు ఉన్నా నీరు ఉండదు. తడి ఉన్న పెరడే వాటికి గమ్యం. ఉడతలు డ్రిప్ పైపులు కొరకడం కూడా అప్పుడే ఎక్కువ. చెట్టుకు దూరంగా మట్టిమూకుడులో నీరు పెట్టడం పైపులను కొంత కాపాడవచ్చు. దానితోపాటు గింజలు, అన్నం పెడితే మాత్రం ఉడతల సంఖ్య పెరిగి కథ మొదటికి వస్తుంది.

కోతి సంగతి

ఇంతవరకు చెప్పినవేవీ కోతికి పనిచేయవు. రేకు పట్టీని అది దాటుతుంది, వలను చింపుతుంది, సంచిని విప్పుతుంది. పులి బొమ్మ, కొండముచ్చు ఫ్లెక్సీ, మందుగుండు చప్పుడు కొద్దిరోజుల్లోనే అలవాటైపోతాయి, ఎందుకంటే వాటి వెనుక నిజమైన ప్రమాదం లేదని గుంపు తెలుసుకుంటుంది. ఇంటిస్థాయిలో కోతికి పరిష్కారం ఉన్నదని చెప్పడం రైతును మభ్యపెట్టడమే అవుతుంది. నాలుగు పక్కలా, పైన కూడా ఇనుప జాలీతో గదిలాగా కట్టుకుంటే కాయ దక్కుతుంది గాని, ఆ ఖర్చుకు పదేళ్ల పండ్లు కొనవచ్చు.

ఇక్కడి కోతి దక్షిణ భారతానికే పరిమితమైన టోపీ కోతి. దీనిని పట్టడం, తరలించడం అటవీశాఖ అనుమతి లేకుండా చేయరానివి. ఒక ఊరి గుంపును పట్టి మరొక ఊరి అడవిలో వదిలితే ఫిర్యాదు చిరునామా మాత్రమే మారుతుంది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలను హిమాచల్ ప్రదేశ్ చాలాకాలంగా చేస్తున్నది. తెలంగాణ 2020లో నిర్మల్ వద్ద ఇందుకోసం కేంద్రం నెలకొల్పింది. ఫలితం కనబడడానికి ఏళ్లు పట్టే పని ఇది. వెంటనే చేయదగినది మేత ఆపడం. ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా బద్వేలు వెళ్లే రహదారి వెలిగొండ అడవిని దాటుతుంది. అటువంటి అటవీ రహదారుల వెంట ఆగి అరటిపండ్లు, బిస్కెట్లు విసిరే ప్రయాణికుల భక్తికి, పక్క ఊళ్లోని జామచెట్టుకు సంబంధం ఉన్నది. రోడ్డు పక్కన తిండికి అలవాటుపడిన గుంపు అది దొరకని రోజున పెరళ్లలోకి దిగుతుంది. గ్రామసభలో చెత్తకుండీల మూత, ఆలయాల వద్ద ప్రసాదపు వృథా, రహదారి మేత మూడింటినీ ఒకే తీర్మానంలో చేర్చగలిగిన ఊరికి కొంత ఊరట దొరుకుతుంది.

వన్యప్రాణుల వల్ల జరిగే పంటనష్టాన్ని ఫసల్ బీమాలో చేర్చుతున్నట్లు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. అది ప్రకటిత పంటలకు. పెరటి చెట్టుకు బీమా లేదు, పంచనామా లేదు. కనీసం నమోదైనా ఉండాలి. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పల్లెల్లో ఉండే విద్యార్థులు ఈ పనికి తగినవారు. పది ఇళ్లు ఎంచుకుని, ఒక్కొక్క ఇంట ఒక్క చెట్టు మీద యాభై కాయలకు రంగుదారం కట్టి, రోజూ ఉదయం, సాయంత్రం వేర్వేరుగా చూసి, ప్రతి కాయ చెట్టు మీద ఉన్నదా, కోశారా, పోయిందా, పోతే గుర్తు ఏమిటి అన్న నాలుగు గడులు నింపితే చాలు. ఉదయం కనబడిన నష్టం రాత్రిది, సాయంత్రం కనబడినది పగటిది. జామకు ఒక కాపు, సపోటాకు ఒక కాపు ఇట్లా పూర్తయితే, రేకు కొనాలా వల కొనాలా అని ఆ ఇంటివారు అడిగినప్పుడు చూపడానికి ఒక పట్టిక ఉంటుంది.